‘మేము – మనం’: కోనసీమపై విదేశీ పరిశోధన, విద్యా వినిమయం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యా వినిమయ ఫెలోషిప్పులు విశ్వవిద్యాలయ పట్టభద్రులను ఒక దేశం నుంచి మరొక దేశానికి పంపి, బోధనకూ పరిశోధనకూ అవకాశం కల్పిస్తున్నాయి. అయితే ‘వినిమయం’ అన్న మాటకు తగినట్లుగా ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతున్నదా అన్నది పరిశీలించవలసిన అంశం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ ఎం. నైప్ కోనసీమ ఆహితాగ్ని కుటుంబాలపై రచించిన ‘వేదిక్ వాయిసెస్’ (2015) గ్రంథాన్ని ప్రధాన ఆధారంగా తీసుకొని, పరిశోధన జరిగిన భాషకూ ప్రచురణ పొందిన భాషకూ నడుమ ఏర్పడే దూరాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది. విదేశాలకు వెళ్లి తెలుగు బోధించే, తెలుగుపై పరిశోధించే పట్టభద్రుల కృషిని కూడా అదే కొలమానంతో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కోనసీమ, ఆహితాగ్ని, విద్యా వినిమయం, క్షేత్రపరిశోధన, సోమిదేవమ్మ, ఫుల్‌బ్రైట్, అనువాదం.

1. ఉపోద్ఘాతం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, వైనతేయ చీల్చుకుంటూ పోయే భూభాగం కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలను తలచుకోగానే సాధారణ పాఠకునికి కొబ్బరితోటలు, వరిచేలు, సంక్రాంతి ప్రభలు గుర్తుకు వస్తాయి. మతాధ్యయన రంగంలో పనిచేసే విదేశీ పరిశోధకునికి మాత్రం కోనసీమ అనగానే స్ఫురించేది వేరు. నిత్యాగ్నిహోత్రం నిలిచి ఉన్న అగ్రహారాలు, తైత్తిరీయ సంహితను కంఠస్థం చేసే బాలురు, సోమయాగం చేసిన దంపతులు అతని దృష్టిలో మెదులుతారు. ఈ రెండవ చిత్రం అంతర్జాతీయ విద్యాలోకంలో స్థిరపడడానికి నైప్ గ్రంథం ముఖ్యకారణాల్లో ఒకటి.

ఒక ప్రాంతాన్ని గురించి లోకానికి తెలిసిన విషయం ఆ ప్రాంతంవారికి వారి భాషలో అందకపోతే దానిని వినిమయం అనవచ్చునా? ఈ ప్రశ్న కేవలం నైతికమైనది కాదు. పరిశోధన ప్రామాణికతకు కూడా సంబంధించినది. మాట్లాడినవారు చదివి సరిదిద్దే అవకాశం లేని గ్రంథంలో దోషాలు మిగిలిపోవచ్చు. అంతకంటె ముఖ్యంగా, వారు మాట్లాడిన భాషలోని ఆధారాలు కనుమరుగు కావచ్చు.

2. వినిమయ వ్యవస్థ నేపథ్యం

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక 1946లో అమెరికా సెనేటర్ జె. విలియం ఫుల్‌బ్రైట్ ప్రతిపాదనతో అంతర్జాతీయ విద్యా వినిమయ పథకం రూపుదిద్దుకున్నది. భారత, అమెరికా ప్రభుత్వాల మధ్య ఇందుకు సంబంధించిన ఒప్పందం 1950 ఫిబ్రవరి 2న కుదిరింది. 2008లో కుదిరిన కొత్త ఒప్పందంతో భారతదేశం వ్యయంలో కూడా భాగస్వామి అయింది. ఫెలోషిప్పులు ఫుల్‌బ్రైట్–నెహ్రూ పేరుతో వ్యవహారంలోకి వచ్చాయి. భారతదేశంపై పరిశోధించే అమెరికా విద్వాంసుల కోసం 1961లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ ఏర్పడింది. 1962 నుంచి పి.ఎల్. 480 నిధులతో తెలుగు పుస్తకాలతో సహా భారతీయ భాషల ప్రచురణలు అమెరికా గ్రంథాలయాలకు చేరడం మొదలైంది.

ఈ వ్యవస్థలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి తెలుగువారి దృష్టిలో ప్రత్యేకస్థానం ఉన్నది. ఏలూరు సి.ఆర్.ఆర్. కళాశాలలో పనిచేసిన వెల్చేరు నారాయణరావు 1971లో అక్కడ చేరారు. అదే విశ్వవిద్యాలయంలో నైప్ దక్షిణాసియా మతాలను బోధించారు. గోదావరి తీరం నుంచి ఒక ఆచార్యుడు మాడిసన్ నగరానికి వెళ్లగా, మాడిసన్ నుంచి మరొక ఆచార్యుడు గోదావరి డెల్టాకు వచ్చారు. రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి. ఫలితాలు కూడా రెండు వైపులా చేరాయా అన్నదే పరిశీలించవలసిన విషయం.

3. గ్రంథాల్లోని అగ్ని నుంచి ఇంటిలోని అగ్నికి

నైప్ తొలి గ్రంథాల్లో ఒకటైన ‘ఇన్ ది ఇమేజ్ ఆఫ్ ఫైర్’ (1975) వేదవాఙ్మయంలోని అగ్ని, తపస్సు భావనలను విశ్లేషించింది. దానికి ఆధారం గ్రంథపాఠం. ‘వేదిక్ వాయిసెస్’కు ఆధారం మనుషులు. ఈ రెంటికీ నడుమ నాలుగు దశాబ్దాల కాలం, డెల్టా గ్రామాలకు పదేపదే చేసిన ప్రయాణాలు ఉన్నాయి. 1997లో గోదావరి డెల్టాలో ‘వేదం కావడం’ గురించి ఆయన ప్రచురించిన వ్యాసం ఈ గ్రంథానికి పూర్వరూపం వంటిది. వేదం చదవడం, నేర్వడం అనకుండా ‘కావడం’ అనడంలోనే ఆయన దృక్పథం స్పష్టమవుతుంది. కంఠస్థమైన వేదం మనిషికి అలంకారం కాదు. ఆ మనిషే వేదానికి నిలువు గ్రంథం.

ఈ దృక్పథం విలువ తెలియాలంటే ఫ్రిట్స్ స్టాల్ కృషితో పోల్చిచూడాలి. 1975లో కేరళలోని పాంజాళ్ గ్రామంలో నంబూద్రి బ్రాహ్మణులు చేసిన అగ్నిచయనాన్ని స్టాల్ బృందం చిత్రీకరించింది. 1983లో రెండు సంపుటాలుగా వెలువడిన ‘అగ్ని’ గ్రంథం ఆ క్రతువును సూక్ష్మాతిసూక్ష్మంగా నమోదు చేసింది. విదేశీ ధనసహాయంతో, కెమెరాల సమక్షంలో, పశువులకు బదులు పిండితో చేసిన ప్రతినిధులతో జరిగిన ఆ క్రతువు ప్రామాణికతపై అప్పుడే వాదాలు చెలరేగాయి. స్టాల్ ఒక ఘటనను అధ్యయనం చేశారు. నైప్ జీవితాలను అధ్యయనం చేశారు. పది కుటుంబాలు, నాలుగు తరాలు ఆయన పరిధి. ఏడేళ్ల వయసులో సంత మొదలుపెట్టిన బాలుడు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పాటు సంహితను వల్లించి, పరీక్షలు పూర్తిచేసి, గృహస్థుడై, తన కుమారునికి మళ్లీ సంత చెప్పే దాకా సాగే క్రమాన్ని దూరం నుంచి ఒక ఏడాది ఫెలోషిప్పుతో గ్రహించడం సాధ్యం కాదు. దీర్ఘకాల సాహచర్యమే ఈ గ్రంథానికి మొదటి బలం.

4. సోమిదేవమ్మ స్థానం

రెండవ బలం స్త్రీల మాటకు గ్రంథం ఇచ్చిన చోటు. శ్రౌతసంప్రదాయంలో పత్ని లేనిదే అగ్న్యాధానం లేదు. గార్హపత్యం, ఆహవనీయం, దక్షిణాగ్ని అనే మూడు అగ్నులు దంపతులవి. భార్య ముందుగా మరణిస్తే ఆ అగ్నులతోనే ఆమెకు సంస్కారం జరుగుతుంది. దానితో భర్త ఆహితాగ్నిత్వం ముగుస్తుంది. శాస్త్రగ్రంథాల్లో ఇది ఒక విధి. ఇంటిలో అది దశాబ్దాలపాటు ప్రతి ఉదయమూ సాయంకాలమూ అగ్నిని కాపాడే ఒక స్త్రీ జీవితం. ఆమె అనారోగ్యం, ప్రయాణం, ప్రసవం, మడి అన్నీ అగ్నిహోత్రంతో ముడిపడినవే. భర్తల పాండిత్యాన్ని మాత్రమే నమోదు చేసే పద్ధతిని విడిచి, భార్యల నుంచి కూడా ఆత్మకథనాలను రాబట్టడం వల్ల వైదిక అధ్యయనాల్లో ఈ గ్రంథం ప్రత్యేకంగా నిలుస్తుంది.

ఇక్కడ తెలుగు భాష అందించే ఆధారం ఒకటి గమనార్హం. సోమయాగం చేసినవాడు సోమయాజి. అతని భార్య సోమిదేవమ్మ. యాజులు, చయనులు, అవధానులు వంటి మాటలు తెలుగులో పాండిత్యసూచకాలుగా మొదలై పేర్లలో కలిసిపోయాయి. సోమిదేవమ్మ అన్న మాట కూడా అటువంటిదే. క్రతువులో ఆమె పాలును తెలుగు సమాజం గుర్తించి, ఆమెకు విడిగా ఒక బిరుదును ఇచ్చింది. ఆ మాటను ‘యజమాని భార్య’ అన్న అర్థం వచ్చే ఆంగ్లపదంతో చెప్పినప్పుడు సంబంధం మిగులుతుంది, బిరుదు పోతుంది. అలాగే ‘సంత’ అన్న మాటను ‘పాఠం’ అంటే సరిపోదు. గురువు పలికినదాన్ని శిష్యుడు అదే స్వరంతో మళ్లీ మళ్లీ పలికి నిలుపుకొనే పద్ధతి మొత్తం ఆ ఒక్క మాటలో ఉన్నది. స్త్రీల స్థానాన్ని నిరూపించడానికి గ్రంథం ఎంత శ్రమించిందో, దానికి బలమైన సాక్ష్యం కాగల తెలుగు పదజాలం అనువాదంలో అంతగా పలచబడే ప్రమాదం ఉన్నది.

5. ‘మేము’, ‘మనం’: అనువాదంలో పోయే సాక్ష్యం

ఈ సమస్య విడిపదాలతో ఆగదు. తెలుగులో ఉత్తమపురుష బహువచనం రెండు విధాలు. ఎదుటివారిని వెలిగా ఉంచేది ‘మేము’; కలుపుకొనేది ‘మనం’. ఆంగ్లంలో రెంటికీ ఒకటే మాట. వ్యాకరణ పాఠంలో ఇది చిన్న అంశంగా కనిపించవచ్చు. క్షేత్రపరిశోధనలో ఇది కీలకమైన సాక్ష్యం.

అగ్రహారంలోని ఒక వృద్ధురాలు పరిశోధకునితో మాట్లాడుతూ ‘మేము ఇలా చేస్తాం’ అంటే ఆయనను ఆచారానికి వెలుపలివానిగా చూస్తున్నదని అర్థం. చాలా ఏళ్ల పరిచయం తరువాత అదే వృద్ధురాలు ‘మనవాళ్లు ఇలా చేయరు కదా’ అంటే ఆయన ఏదో ఒక మేరకు ఆ ఇంటిలోకి ప్రవేశించినట్లు. ఇంటర్వ్యూలో ఈ మార్పు ఎప్పుడు జరిగింది, ఏ విషయం చెప్పేటప్పుడు ‘మనం’ తిరిగి ‘మేము’గా మారింది అన్నవి పరిశోధకునికీ సమాచారదాతలకూ నడుమ ఉన్న సంబంధాన్ని ఏ ముందుమాట కంటె కూడా కచ్చితంగా తెలుపుతాయి. ఆంగ్లకథనంలో ఈ భేదం నిలవదు. భర్తను ‘ఆయన’ అన్నదా, ‘వారు’ అన్నదా. వేదం మానేసి ఉద్యోగానికి వెళ్లిన కొడుకును ‘వాడు’ అన్నదా, ‘అబ్బాయి’ అన్నదా. గోదావరి జిల్లాల మాటతీరులోని ‘అండి’ ఎక్కడ పలికింది, ఎక్కడ పలకలేదు అన్నవి కూడా అదే విధంగా తొలగిపోతాయి.

అంతర్జాతీయ పాఠకుల కోసం రాసే గ్రంథంలో ఇవన్నీ చూపడం కష్టమే. కాని గ్రంథం పేరులోనే ‘గళాలు’ అన్న మాట ఉన్నప్పుడు, ఆ గళాలు ఏ భాషలో పలికాయో పాఠకుడు అడగడం న్యాయమే. ముఖ్యమైన కథనాలనైనా తెలుగు లిపిలో అనుబంధంగా ఇచ్చే పద్ధతి దక్షిణాసియా అధ్యయనాల్లో ఆచారంగా స్థిరపడవలసి ఉన్నది. అప్పుడే మరొక పరిశోధకుడు అదే ఆధారాన్ని మరొక విధంగా వ్యాఖ్యానించగలడు. విమర్శకు ఆస్కారమిచ్చే ఆధారమే శాస్త్రీయమైన ఆధారం.

6. ‘ఏకాంత అగ్రహారం’ అన్న ఊహ

గ్రంథాన్ని పాఠకులకు పరిచయం చేసే మాటల్లో ఈ కుటుంబాలు బయటి ప్రపంచానికి దూరంగా, ఏకాంతంగా జీవించినట్లు, సుదీర్ఘ వారసత్వానికి మిగిలిన చివరి ప్రతినిధులైనట్లు కనిపిస్తాయి. ఈ చిత్రణను యథాతథంగా స్వీకరించడం కష్టం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువ నీటితో డెల్టా వ్యవసాయం మారింది. అగ్రహారపు మాన్యం, దాని కౌలు, వరి, కొబ్బరి ఆదాయం ఆ మార్పులో భాగాలే. తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహించే వేదపారాయణ పథకాల వల్ల పండితులకు జీతం వచ్చే మార్గం ఏర్పడింది. అగ్నిని కాపాడేది భక్తి మాత్రమే కాదు; భూమి, నీరు, జీతం కూడా.

అంతకంటె ముఖ్యమైన విషయం కోనసీమ సామాజిక స్వరూపం. రాజోలు ప్రాంతంలోని మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న ఈ డెల్టాలోని పాలేరు జీవితాన్ని నాటకంగా మలిచారు. ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. 2022లో కొత్తగా ఏర్పడిన జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చే సందర్భంలో అమలాపురంలో చెలరేగిన హింస ఈ నేలపై కులసంబంధాలు ఎంత సజీవంగా, ఎంత ఉద్రిక్తంగా ఉన్నాయో చూపింది. పది వైదిక కుటుంబాల అధ్యయనం కోనసీమ మొత్తానికి ప్రతినిధి కావాలని కోరడం సరికాదు. అయితే వేదశ్రవణానికి ఎవరికి అర్హత ఉన్నదో, ఎవరికి లేదని శతాబ్దాలుగా చెప్పారో అన్న ప్రశ్న అగ్రహారం వెలుపలిది కాదు. అది వేదాధ్యయనానికి లోపలి ప్రశ్న. సజీవ సంప్రదాయాన్ని వర్ణించే గ్రంథం ఆ సంప్రదాయం గీసిన సరిహద్దుకు అవతలివారి మాటను కూడా వినిపిస్తే దాని సత్యం తగ్గదు, పెరుగుతుంది.

నైప్ ఇతర రచనలు ఈ విమర్శకు కొంత సమాధానమిస్తాయి. కోస్తాంధ్ర వీరభద్ర ఆరాధనపై 1989లో వెలువడిన ఆయన వ్యాసం అకాలమరణం పొందిన పిల్లలను వీరభద్రులుగా కొలిచే కుటుంబాల దుఃఖాన్ని శ్రద్ధగా చిత్రించింది. అంటే డెల్టాలోని ఇతర సమాజాలు ఆయనకు తెలియనివి కావు. ఆ రెండు పరిశోధనలూ ఒకే గ్రంథంలో ఎదురెదురుగా నిలిచి సంభాషించి ఉంటే కోనసీమ చిత్రం మరింత సమగ్రంగా ఉండేది. దవేష్ సోనేజీ ‘అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్’ (2012) గ్రంథంలో గోదావరి డెల్టా కళావంతుల స్త్రీల జ్ఞాపకాలను, చట్టం నిషేధించిన వారి గతాన్ని చర్చించారు. సోమిదేవమ్మ కథనాన్ని, కళావంతుల స్త్రీ కథనాన్ని పక్కపక్కన ఉంచి చదవడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని. ఒకరిది అగ్నిసాక్షిగా గౌరవం పొందిన స్త్రీత్వం. మరొకరిది అదే డెల్టాలో గౌరవం కోల్పోయిన స్త్రీత్వం.

7. తిరుగు ప్రయాణం: వెళ్లినవారు ఏమి తెచ్చారు?

విదేశీ పరిశోధకులను అడిగిన ప్రశ్ననే స్వదేశీ పట్టభద్రులనూ అడగాలి. ఈ విషయంలో భద్రిరాజు కృష్ణమూర్తి కృషి ఒక కొలమానం. 1950లలో అమెరికా వెళ్లి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేట్ పొందిన ఆయన, 1961లో ‘తెలుగు వెర్బల్ బేసెస్’ను ఆంగ్లంలో ప్రచురించారు. మరుసటి ఏడాదే, 1962లో, ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం తెలుగులో వెలువడింది. రైతుల నోటి నుంచి సేకరించిన పదాలను ప్రాంతాలవారీగా నమోదు చేసిన ఆ కోశం, విదేశంలో నేర్చిన పద్ధతి స్వభాషకు ఎలా తిరిగి రావాలో చూపింది. వెల్చేరు నారాయణరావు ఆంగ్లానువాదాల ద్వారా ప్రపంచానికి తెలుగు సాహిత్యాన్ని అందించడమే కాక, ‘తెలుగులో కవితావిప్లవాల స్వరూపం’ (1978) ద్వారా తెలుగు విమర్శకులు అంగీకరించడానికీ ఎదిరించడానికీ వీలైన వాదాన్ని తెలుగులోనే నిలిపారు. ఈ రెండు ఉదాహరణల్లోనూ ఇచ్చిపుచ్చుకోవడం పూర్తయింది.

నేటి పట్టభద్రులకు లభించే అవకాశాల్లో ఫుల్‌బ్రైట్ విదేశీ భాషాబోధన సహాయక పథకం ఒకటి. తొమ్మిది నెలలపాటు అమెరికా విశ్వవిద్యాలయంలో మాతృభాషను బోధిస్తూ, ప్రతి సెమిస్టరులో రెండు కోర్సులు చదివే వీలు ఇందులో ఉన్నది. గడువు ముగిశాక స్వదేశానికి తిరిగిరావడం నియమం. ఈ పథకం కింద బోధించే భారతీయ భాషల్లో తెలుగు కూడా ఉన్నది. కోనసీమ కళాశాలలో చదివిన ఒక తెలుగు పట్టభద్రునికి ఇటువంటి బోధన తన భాషను బయటి నుంచి చూసే మొదటి సందర్భం కాగలదు. ‘మేము’, ‘మనం’ భేదాన్ని పుట్టుకతో తెలిసినవాడు దానిని ఎన్నడూ వివరించవలసిన అవసరం రాదు. విదేశీ విద్యార్థి అడిగినప్పుడే అది సూత్రంగా మారుతుంది. ‘ఆయ్’, ‘అండి’ వంటి గోదావరి పలుకుబడులను తరగతిలోకి రానివ్వాలా, పాఠ్యపుస్తకపు తెలుగుకే పరిమితం కావాలా అన్న నిర్ణయం కూడా అక్కడే ఎదురవుతుంది. ఆ అనుభవం నుంచి తెలుగును రెండవ భాషగా నేర్పే పాఠాలు, ప్రాంతీయ మాటతీరు నమూనాలు, పదపట్టికలు రూపొందవచ్చు. అవి బయోడేటాలో ఒక పంక్తిగా మిగిలిపోతే ఆ తొమ్మిది నెలలు ఒక వ్యక్తి పురోగతికి మాత్రమే ఉపయోగపడినట్లు.

విదేశీ గ్రంథాల లోపాలను ఎత్తిచూపేటప్పుడు తెలుగు శాఖల బాధ్యతను విస్మరించరాదు. ఒక ప్రాంతాన్ని గురించి ‘భౌగోళిక పరిచయం, చారిత్రక నేపథ్యం, దేవాలయాలు, ముగింపు’ అన్న అచ్చులో సిద్ధాంతవ్యాసాలు పోసే అలవాటు మన పరిశోధనలో బలంగా ఉన్నది. మూడు దశాబ్దాలకు పైగా పది కుటుంబాలతో పరిచయాన్ని నిలుపుకొన్న ఓర్పు అందులో కనిపించదు. భాష తెలిసినవారికి కాలం లేదు; కాలం వెచ్చించినవారికి భాష అరువుది. కోనసీమ పరిశోధనలోని అసలు లోటు ఈ రెంటి నడుమ ఉన్నది. దింపు, వలుపు కార్మికుల వృత్తిభాష, లంకగ్రామాల జీవనం, 1996 నవంబరు తుపాను జ్ఞాపకాలు, 2011 పంటవిరామం వంటి అంశాలకు నైప్ చూపినంత దీర్ఘసాహచర్యం అవసరం.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలకు రావచ్చు.

ఒకటి, ‘వేదిక్ వాయిసెస్’ కోనసీమ వైదిక కుటుంబాలను గ్రంథస్థ విధుల నుంచి వేరుచేసి జీవించే మనుషులుగా చూపిన ముఖ్యగ్రంథం. దీర్ఘకాల సాహచర్యం, స్త్రీకథనాలకు ఇచ్చిన ప్రాధాన్యం దాని స్థిరమైన గుణాలు.

రెండు, తెలుగులో పలికిన మాట ఆంగ్లంలో మాత్రమే నిలవడం వల్ల సంబంధవాచకాలు, గౌరవవాచకాలు, ‘మేము–మనం’ భేదం వంటి ఆధారాలు పాఠకునికి అందవు. ఇది శైలికి సంబంధించిన లోపం కాదు. సాక్ష్యానికి సంబంధించిన లోపం.

మూడు, అగ్రహారాన్ని ఏకాంతంగా భావించడం చరిత్రకు సరిపడదు. నీటిపారుదల, భూమి, దేవస్థానాల పోషణ, కులవ్యవస్థ దాని ఉనికిలో భాగాలు.

నాలుగు, వినిమయ ఫెలోషిప్పులపై జరిగే పరిశోధనల్లో మూలభాషా కథనాల ప్రతులను, మాట్లాడినవారి అనుమతితో, అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల కళాశాల గ్రంథాలయాల్లో భద్రపరచడం, తెలుగులో ఒక సంగ్రహాన్ని ప్రచురించడం నియమాలుగా ఉండాలి. విదేశాల నుంచి తిరిగివచ్చే తెలుగు పట్టభద్రులకు కూడా ఇదే నియమం వర్తించాలి.

పరిశోధకునితో మాట్లాడిన కోనసీమ వృద్ధురాలి మనవడో, ఆ అగ్రహారానికి పక్కనున్న పేటలో పెరిగిన విద్యార్థినో ఆ పుటలను తెలుగులో చదివి ‘ఇది ఇలా కాదు’ అని చెప్పగలిగిన రోజున వినిమయం అన్న మాట సార్థకమవుతుంది. అంతవరకు కోనసీమను గురించిన ఈ జ్ఞానంలో ‘మేము’ ఉంటుంది, ‘మనం’ ఉండదు.